పాత గేమ్‌లను అదుపు చేయాలి

పాత కంప్యూటర్ గేమ్‌లు చేస్తున్న అన్యాయం మీద ఇప్పటికైనా ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఆన్ చేయగానే ఆట మొదలైపోవడమేమిటి? మర్యాద తెలిసిన కొత్త గేమ్ అలా మీద పడదు. ముందు వంద గిగాబైట్లు డౌన్‌లోడ్ చేయిస్తుంది. తర్వాత అప్‌డేట్ అంటుంది, అకౌంట్ తెరవమంటుంది, నిబంధనలన్నీ చదివామని మన చేత అబద్ధమాడిస్తుంది. ఈ తతంగమంతా అయ్యాక అరగంట సినిమా చూపించి, అప్పుడు నాలుగడుగులు నడవనిస్తుంది.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పటి హీరో గడ్డానికి కూడా ఆ చోటు చాలదు. మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి, రంగు మార్చి సరిపెట్టారు. పోనీ, పిసినారితనం అనుకుందాం. ఎలా ఆడాలో ఒక్క ముక్క చెప్పరే! ఎదురుగా ఒక జీవి నడిచొస్తుంది, తగిలితే చస్తాం, రెండోసారి దూకుతాం. పాఠం అయిపోయింది. ఆటగాడికి బుర్ర ఉంటుందని అంత ధైర్యంగా ఎలా నమ్మారో! ఇప్పుడా రిస్క్ ఎవరూ తీసుకోరు. ఎక్కాల్సిన నిచ్చెనకు పసుపు రంగు పూస్తారు. అయినా మనం కదలకపోతే, పక్కనున్న పాత్ర నిచ్చెన సంగతి గుర్తుచేస్తూనే ఉంటుంది.

స్పేస్ ఇన్వేడర్స్ (1978) సంగతి మరీ ఘోరం. శత్రువులు చచ్చేకొద్దీ గీయాల్సిన బొమ్మలు తగ్గి, మిగిలినవాళ్లు వేగం పుంజుకున్నారు. అది ఆ యంత్రం చేతకానితనం. వెంటనే లోపం సరిచేసే ప్యాచ్ వేయాల్సింది పోయి, ఆట తయారుచేసిన తొమోహిరో నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ టెన్షనే ఆటకు ప్రాణమైంది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) చేస్తున్నప్పుడు ఆపిల్ 2 కంప్యూటర్ మెమరీలో ఇంకో శత్రువుకు చోటు లేదు. దాని సృష్టికర్త జోర్డాన్ మెక్‌నర్ హీరో బొమ్మలనే కాస్త మార్చి నీడమనిషిని పుట్టించాడు. వాడు అద్దంలోంచి దూకి, మనకు బలమిచ్చే మందు తాగేసి, మన ముఖం మీదే తలుపు వేసేస్తాడు. చివరికి కత్తి పట్టుకుని ఎదురొస్తాడు. వాణ్ని పొడిస్తే గాయం మనకే. కత్తి దించితేనే దారి. అంతసేపూ నరకడం నేర్పి, కీలకమైన చోట నరకొద్దని మనంతట మనమే తెలుసుకోవాలంటే ఎలా? పైగా ఆట మొత్తానికి గంటే గడువు. ఇప్పుడైతే ఆ చోట నాలుగు బాణం గుర్తులు, మెచ్చుకోలుగా ఒక అచీవ్‌మెంట్ ఉండేవి.

పాతవన్నీ బంగారమని కాదు. ఇ.టి. సినిమా పేరుతో హడావిడిగా తెచ్చిన గేమ్ 1982లో బోల్తా పడితే, అమ్ముడుపోని క్యాట్రిడ్జ్‌లను (ఆట ఉండే డబ్బీలను) మరుసటి ఏడాది న్యూమెక్సికోలో గోతిలో పూడ్చిపెట్టారు. వ్యాపారం తెలియనివాళ్లు! పూర్తికాని ఆటకు ‘ఎర్లీ యాక్సెస్’ అని పేరు పెట్టి అమ్ముకోవచ్చని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

అందరికన్నా మొండిది, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్. హీరో లేడు, వాడికి చిన్ననాటి విషాదమూ లేదు. ముక్కలు ఎందుకు పడుతున్నాయో చెప్పే నాథుడు లేడు. అయినా జనం 1984 నుంచీ వదలడం లేదు. దీన్ని వెంటనే సంస్కరించాలి. నిలువు ముక్క కోసం చెమటలు కక్కుతున్నవాడికి దాన్ని కొనుక్కునే బటన్ ఇవ్వకపోవడం క్రూరత్వం. కొనడానికి డైమండ్లు (గేమ్‌లో చెల్లే డబ్బు) లేనివాళ్లు ఎప్పటిలాగే ఎదురుచూడొచ్చు, మధ్యమధ్యలో రెండు యాడ్స్ చూస్తూ.