పిల్లల చేతిలో ఫోన్, నెట్ సెంటర్ చేతిలో పాస్‌వర్డ్

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయింది. కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ నెట్ సెంటర్ల ముందు రద్దీ మాత్రం మారలేదు. ఇంటర్ పాసైన పిల్లలు, వెంట అమ్మానాన్నలు, దాదాపు అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు. రీల్‌కు పాట అతికించి, రంగులు దిద్ది నిమిషంలో పోస్ట్ చేసే పిల్ల, తన నాలుగేళ్ల చదువును తేల్చే ఫారం దగ్గరికొచ్చేసరికి ఫోన్‌కు వచ్చిన ఓటీపీని ఆపరేటర్‌కు చదివి వినిపించి పక్కకు జరుగుతుంది.

సీటు ఎలా వస్తుందో తెలిస్తే ఆ పిల్ల అలా జరగదు. కంప్యూటర్ ఒకటో ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకు, కేటగిరీకి తగిన ఖాళీ మొదట ఎక్కడ తగిలితే అక్కడే ఆగిపోతుంది. అనంతపురం జేఎన్‌టీయూలో కోరుకున్న బ్రాంచి 20వ వరుసలోనూ, ఏదో ఒకటని రాసిన కాలేజీ మూడో వరుసలోనూ ఉంటే, ఆ మూడోదే ఖాయమవుతుంది. 20వ దాంట్లో ఖాళీ ఉన్నా లెక్క అక్కడిదాకా రాదు. అందుకే వస్తుందో రాదో అన్న అంచనా పక్కనపెట్టి, ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద రాయాలి. పది నిమిషాల్లో బోధపడే సంగతి ఇది. వంద మంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు ఆపరేటర్‌కు ఇది చెప్పే తీరిక ఉండదు. ఆయన తప్పూ కాదు, అది ఆయన పని కాదు.

డిజిటల్ అక్షరాస్యతకు ఒక్కటే కొలబద్ద ఉండాలని నా వాదన. తన పని, తన ఇంటి పని, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకుండా మొదటి నుంచి చివరిదాకా తానే పూర్తిచేయగలగాలి. ఈ కొలతతో చూస్తే ఇప్పటిదాకా జరిగింది చాలా తక్కువ. 2017లో మొదలైన కేంద్రం డిజిటల్ శిక్షణ పథకం పీఎంజీదిశ ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలకు 20 గంటల శిక్షణ అంది. 2024 మార్చితో ముగిసింది, లెక్క ఆరు కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లూ ఇచ్చారు. సర్టిఫికెట్లు లెక్కపెట్టారు, ట్యాబ్‌లు లెక్కపెట్టారు. ఎంతమంది సొంతంగా ఒక దరఖాస్తు పూర్తిచేయగలిగారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంటి పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, కన్నీళ్లు ముడిపడింది ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు ఉన్న లంకె. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం 13 వేలు పక్కింటివాళ్లకు పడి తమకు పడకపోతే తల్లులు పాస్‌బుక్ పట్టుకుని సచివాలయానికి, అక్కడి నుంచి బ్యాంకుకు తిరుగుతారు. ‘ఖాతాకు ఆధార్ లింకు అయ్యే ఉంది’ అంటారు బ్యాంకులో. ఆ మాట నిజమే, కానీ సమస్య వేరే చోట ఉంది. కేవైసీ కోసం ఖాతాకు ఆధార్ జతచేయడం ఒకటి, ప్రభుత్వ సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లాలో, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పట్టికలో నమోదు కావడం ఇంకొకటి. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా నమోదైనదే చెల్లుతుంది. ఎప్పుడో గ్రూపు లోన్ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడటానికి కారణం అదే.

చూసుకోవడం సులువు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందా లేదా కనబడతాయి. యాక్టివ్ లేకపోతే కావలసిన బ్యాంకుకు వెళ్లి డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటం) కోసం ఆధార్ సీడింగ్ చేయమని సమ్మతి పత్రం ఇవ్వాలి. ఉత్త ‘లింకు చేయండి’ అంటే కేవైసీ చేసి పంపిస్తారు. పేచీ అంతా ఓటీపీ దగ్గర. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే పంటకోత పనులకు, గుంటూరు వలసపోయిన కుటుంబం అక్కడో కొత్త సిమ్ కొంటుంది, పాతదానికి రీచార్జి ఆగిపోతుంది. కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరును తీసేసి వేరేవాళ్లకు ఇస్తుంది. ఆధార్‌లో ఉన్నది ఆ పాత నంబరే. అప్పుడు ఓటీపీతో తెరిచే ఏ తలుపూ తెరుచుకోదు. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించుకోవాలి. కాబట్టి శిక్షణలో మొదటి రోజు పాఠం మౌస్ పట్టుకోవడం కాకూడదు. ఇంట్లో ప్రతి ఒక్కరి ఆధార్‌కు ఏ నంబరు ఉందో కాగితం మీద రాసుకుని రావడం కావాలి.

ఫొటోల గొడవ ఇంకా చిన్నది, అయినా దానికే రోజూ ఎందరో నెట్ సెంటర్ మెట్లెక్కుతారు. ఉద్యోగ పరీక్షల దరఖాస్తులు ఫొటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు అడగడం మామూలు. ఫోన్‌లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, అంటే అరవై నుంచి ఎనభై రెట్లు. కత్తిరించి, సైజు తగ్గించి, జేపీజీగా దాచుకోవడం ఒక గంట పాఠం. ఆ పక్కనే పేరు పాఠం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ మెమోలో పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో చివర ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతుంది. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేసుకోవాలని పదహారేళ్లకే తెలియాలి. రైతు ఇంటి పిల్లలైతే మీభూమి వెబ్‌సైట్‌లో నాన్న భూమి పత్రాలు 1బీ, అడంగల్ తీసి విస్తీర్ణం సరిచూసుకోవాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం అనే కొత్త భూమి నంబరు వచ్చిందని తెలియక వెతికి వెతికి వదిలేసేవాళ్లున్నారు.

మోసాల పాఠం భయపెట్టడంతో సరిపోదు, లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. పీఎం కిసాన్ అనో, చలాన్ అనో ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు వస్తుంది, చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. తెలిసినవాడి నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే అతని ఫోన్ అప్పటికే వాళ్ల చేతికి చిక్కింది. ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఒప్పుకున్నాక బ్యాంకు ఓటీపీలు మనం చెప్పకుండానే వాళ్లకు చేరతాయి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటేలోపే బ్యాంకులు నిలపగలవు. ఆ దాటించే ఖాతాల సంగతి మన కుర్రాళ్లకు ఇంకా ముఖ్యం. కమీషన్ ఇస్తామంటే ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించిన డిగ్రీ పిల్లవాడు కేసులో నిందితుడవుతాడు, ఖాతా స్తంభిస్తుంది.

ఇదంతా చిల్లర పని, ప్రపంచం ఏఐ దాకా పోయింది, కోడింగ్ నేర్పండి అనేవాళ్లున్నారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం ఆ పనికే ఉన్నాయి, ఉండాలి. కానీ ఆ సీటు దాకా నడిచే దారి కూడా ఒక ఆన్‌లైన్ దరఖాస్తు మీదుగానే పోతుంది. తన దరఖాస్తులో ఏం రాశారో చూసుకోలేని పిల్లకు ఏఐ ఇచ్చే జవాబు తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది?

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. గ్రామీణ విద్యపై జరిపే అసర్ సర్వేలో 2023లో తేలినట్టు, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14-18 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 43.7 శాతానికి, ఆడపిల్లల్లో 19.8 శాతానికే. ఫోన్ అన్నయ్యది అయినప్పుడు ఓటీపీ కూడా అన్నయ్యకే వెళ్తుంది. ఆమె చదువు, స్కాలర్‌షిప్, పరీక్ష ఫీజు అన్నీ ఇంకొకరి జేబులో ఉన్నట్టు. ఫోన్ ఇంటి నుంచి తెచ్చుకోమనే శిక్షణ సగం మందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇద్దరికొక ఫోన్ చొప్పున పదిహేను మందికి ఎనిమిది ఫోన్లు, టైపింగుకు రెండు మూడు కంప్యూటర్లు శిక్షణ కేంద్రంలోనే ఉండాలి.

ఆ కేంద్రం శాఖా గ్రంథాలయమే కావాలి. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేస్తే కొత్త పథకం, కొత్త పేరు అక్కర్లేదు. గ్రంథాలయం అనడానికి ఇంకో బలమైన కారణం ఉంది, అది తెలుగు.

పోర్టల్‌లో తప్పు జరిగితే ‘ఇన్‌వాలిడ్ క్రెడెన్షియల్స్’, ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అంటుంది. పాస్‌వర్డ్ తప్పింది, ఆలస్యమైంది మళ్లీ మొదలుపెట్టు అని తెలుగులో చెబితే సగం మందికి నెట్ సెంటర్ అవసరం తీరిపోతుంది. 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ఆ దిశలో మంచి అడుగు. అయితే సమస్య తెలుగులో రాయాలంటే తెలుగు టైపింగ్ రావాలి. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. తెర మీద తెలుగులా కనబడే ఆ అక్షరాలు లోపల ఇంగ్లిష్ సంకేతాలు. వాట్సాప్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, గూగుల్‌కు దొరకవు. అలా మనం కొట్టించిన సావనీర్లు, ఊరి చరిత్రలు, అర్జీలు వెతికితే కనబడని చీకట్లో పడి ఉన్నాయి. యూనికోడ్‌లో కొట్టిన అక్షరం ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది.

బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చారు. ఇక్కడే సొంత బంగళాలో పండితులకు తన డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించారు, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించారు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆ నకళ్ల పని ఈ రోజు డిగ్రీ పిల్లలు చేయగలరు. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకం స్కాన్ చేసి తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఎక్కించి, యంత్రం చదివిన పాఠంలో ఒత్తులు, సున్నాలు సరిచేయాలి. ఒక్క పేజీ దిద్దితే టైపింగ్, ఫైళ్ల సైజు, కాపీరైటు, తెలియనివాళ్లతో మర్యాదగా వాదించడం, నాలుగూ ఒకేసారి వస్తాయి.

ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. ఈఏపీసెట్ చదువు ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు కాలేజీ ఉండదు, గ్రంథాలయాలు ఖాళీ. ఈ రెండు నెలల్లో రోజుకు రెండు గంటలు, ఇరవై రోజులు చాలు. ఆధార్ నంబర్ల కాగితంతో మొదలుపెట్టి, చివరి రోజు ప్రతి పిల్లా కాలేజీల జాబితా ముందు పెట్టుకుని, ఇష్టం ప్రకారం తన ఆప్షన్ల వరుస తన చేత్తో రాసుకుని ఇంటికి వెళ్లాలి.