కాటా ఎవరిది?

మాది ఏలూరు పక్క ఊరు. కొబ్బరి తోటలో నాన్న అంతరపంటగా కోకో వేశారు. ఉద్యోగానికి ఘనా రాజధాని అక్రా వచ్చాక, మనవాళ్లు కలిసినప్పుడల్లా ఒక మాట వింటున్నాను: "వీళ్లకు భూమి బంగారం. కష్టపడరు గానీ!" ఆ మాట అనేవాళ్లు ఒక్కసారి కోకో పండే సుహుమ్ వైపు వెళ్లి రావాలి.

నేను మొన్న నవంబరులో వెళ్లాను. ఒక రైతు ఇంటి ముందు వెదురు తడికల మీద గింజలు ఆరబోసి ఉన్నాయి. కాయలు కత్తితో పగలగొట్టి, గింజల్ని అరటాకుల కింద ఆరు రోజులు పులియబెట్టాక ఈ ఎండబెట్టడం. పులిసిన కల్లు వాసన. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పరుగే. ఇంతా చేసి ఆ తోట ఆయనది కాదు. మూడో పాలుకు చేస్తున్నాడు, అక్కడ దాన్ని అబుసా అంటారు.

2024 మార్చిలో న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో 10,000 డాలర్లు దాటింది. అంటే 64 కిలోల బస్తా 640 డాలర్లు. అదే నెలలో ఘనా రైతుకు బస్తాకు ఇచ్చింది 1,308 సెడీలు, సుమారు 100 డాలర్లు. అప్పట్లో ప్రభుత్వ కోకో బోర్డు పంటను చాలావరకు ముందే అమ్మేసి, సీజన్ మొదట్లోనే ధర కట్టేసేది. మార్కెట్ కూలినప్పుడు అది రైతుకు అండే, కాదనను. కానీ పెరిగినప్పుడు? ఏప్రిల్లో 2,070 సెడీలు చేశారు. అప్పటికి ఆ సీజన్ ప్రధాన పంట గింజలు చాలావరకు అమ్ముడైపోయాయి.

ఇక తెగులు సోకి, చెట్లు ముసలివై, 2020-21లో 10 లక్షల టన్నులు దాటిన దిగుబడి మూడేళ్లలో దాదాపు సగమైంది. గిట్టుబాటు కాక కొందరు సరిహద్దు దాటించి అమ్ముకున్నారు, కొందరు తోటనే బంగారం తవ్వేవాళ్లకు ఇచ్చేశారు. దీన్ని బద్ధకం అనడానికి నాకు నోరు రాదు. కనీస ధర ఉంచండి, ఆపైన పెరిగినదాంట్లో రైతు వాటా ఇంత అని చట్టంలో రాయండి. నేను అడిగేది ఇంతే.

బయల్దేరేటప్పుడు ఆయన అడిగాడు: "మీ నాన్న కూడా బోర్డుకే అమ్ముతారా?"

లేదు, ప్రైవేటు కంపెనీలకు అన్నాను. 2025లో ధర కోసం మావాళ్లు రోడ్డెక్కిన సంగతీ చెప్పాను.

"మరి కాటా ఎవరిది?"

"వాళ్లదే."

పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.