చేబదులు ఇచ్చిన మోచెయ్యి

పందొమ్మిదేళ్లుగా బ్యాంకులో అప్పుల సీట్లో కూర్చుంటున్నాను. ఇన్నేళ్లలో పూచీకత్తు లేకుండా, సంతకం లేకుండా, కనీసం ఇంటిపేరైనా అడగకుండా నేను అప్పిచ్చింది ఒక్కసారే. కొత్తగూడలో, ఒక సాయంత్రం ఏడున్నరకి, ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి నా కుడి మోచెయ్యి ఇచ్చాను.

చేబదులు అనే మాటని మనం ఇన్నాళ్లూ డబ్బుకే వాడి చిన్నబుచ్చాం. దాన్ని అక్షరాలా పాటించే చోటు ఒకటుంది. కింద టిఫిన్ సెంటరు, మధ్యలో కళ్లద్దాల షాపు, ఆ పైన జియుజిత్సు, అంటే కీళ్లు మెలిపెట్టి, మెడ నొక్కి ఎదుటివాణ్ని లొంగదీసే కుస్తీ, నేర్పే క్లాసు. అక్కడ క్లాసున్న ప్రతిసారీ ఇరవై మంది పెద్దమనుషులు తమ చేతులు, మెడలు, మోకాళ్లు ఒకరికొకరు చేబదులు ఇచ్చుకుంటారు. గంట తర్వాత ఎవరివి వాళ్లు తీసుకుని, కింద ప్లేటు ఇడ్లీ తిని ఇంటికి పోవాలి. ఏర్పాటు అంతే. కానీ మన ఊళ్లో ఒకసారి ఇచ్చిన బండి పెట్రోలుతో, గొడుగు ఊచలతో తిరిగొచ్చిన దాఖలాలు ఎన్నున్నాయో మీకు తెలియంది కాదు.

ఆ రోజు కుర్రాడు "అంకుల్, లైట్‌గా చేద్దాం" అన్నాడు. హైదరాబాదులో "లైట్ తీస్కో" అంటే పట్టించుకోవద్దని అర్థం. వీడు ఆ అర్థంలోనే అన్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. నిమిషం తిరక్కుండా నేను వెల్లకిలా ఉన్నాను. వాడి కాళ్లు రెండూ నా ఛాతీ మీద, నా మోచెయ్యి వాడి తొడల మధ్య, నా మణికట్టు వాడి గుండెల మీద. పసిబిడ్డను హత్తుకున్నంత ప్రేమగా దాన్ని హత్తుకుని నడుము పైకి లేపాడు. వాడి తొడ మీద రెండుసార్లు తట్టాను. తడితే వదలాలి, అక్కడ ఉన్న ఒకే ఒక్క చట్టం అది. వాడు మాస్టర్ చూస్తున్నాడా లేదా అని అటు చూశాడు. మళ్లీ తట్టాను. చివరికి "బాబూ, అయిపోయింది, వదులు!" అని తెలుగులో అరిస్తే వదిలాడు.

"ట్యాప్ చేశారా అంకుల్? దోమను కొడుతున్నారనుకున్నా."

ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. అందులో ఒకటి పోతే అప్పుల చేటని కూడా అన్నారు. పోయింది మోచేతి కీలైతే ఏ చేటో చెప్పలేదు. ఆరు వారాలు ఎడం చేత్తో లోను కాగితాల మీద సంతకాలు పెట్టి, అవి నా సంతకాలేనని హెడ్డాఫీసుకు రుజువు చేసుకున్న నేను ఆ లోటు పూడ్చదలిచాను. మర్యాద, సంస్కారం అని క్లాసు గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లాభం లేదు. ఇక రికవరీ నిబంధనలే దిక్కు.

ఈ అప్పుల పద్ధతికి ఆద్యుడు జపానులో ఒక బడిపంతులు. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక గుడిలో, 12 చాపలంత జాగాలో, 9 మంది శిష్యులతో జూడో మొదలుపెట్టాడు. మా జియుజిత్సు ఆ జూడో నుంచి పుట్టిందే. జూడోకి ముందున్న జపాను యుద్ధవిద్య జుజుత్సులో ప్రాణం తీసే దెబ్బలున్నాయి. వాటిని మనిషి మీద రోజూ సాధన చేస్తే రెండో రోజుకి సాధన చెయ్యడానికి మనిషి మిగలడు. అందుకని వాటిని ముందే ఒప్పుకున్న కదలికల్లో దాచేసి, పూర్తి బలంతో చేసినా ఎదుటివాడు లేచి నడిచి వెళ్లగలిగే పట్లనే పోటాపోటీ సాధనకు ఉంచాడు. దీని వెనక ఆయన చెప్పిన సూత్రం పేరు జితా క్యోయీ. నువ్వూ బాగు, నేనూ బాగు అని. మా క్లాసులో ఒకాయన దీన్ని "జీతం కోయీ" అని విని, ఆలస్యంగా వస్తే ఫీజు ఎక్కువ వేస్తారేమో అని భయపడ్డాడు.

మొదటి నిబంధన అప్పు తీసుకున్నవాడికి కాదు, ఇచ్చినవాడికి. గడువు తీరాక ట్యాప్ చెయ్యని వీరులు మనలో చాలామంది. 1951లో రియో డి జనీరోలో బ్రెజిల్ జియుజిత్సు వీరుడు హీలియో గ్రేసీ ఇలాగే మొండికేశాడు. జపాన్ జూడో వీరుడు మసాహికో కిమూరా అతని చెయ్యి మెలిపెడితే తట్టలేదు. అతని వైపువాళ్లే తువ్వాలు విసిరి పోటీ ఆపాల్సి వచ్చింది. ఆనాటి నుంచి బ్రెజిల్ వాళ్లు ఆ మెలికకి కిమూరా అనే పేరు పెట్టుకున్నారు. జాగ్రత్తగా గమనించండి. చెయ్యి ఇచ్చింది గ్రేసీ, పేరు వచ్చింది కిమూరాకి. అయినా మా క్లాసులో మంగళవారం సాయంత్రం, ఎవరూ చూడని మూలన, టీమ్ లీడర్లు ఇద్దరు గ్రేసీలైపోయి పళ్లు బిగిస్తుంటారు. మర్నాడు ల్యాప్‌టాప్ తెరవడానికి పక్క సీటువాడిని పిలుస్తారు.

చెయ్యి నొప్పి చెప్తుంది, కనీసం అదొక మర్యాద. మోకాలికి ఆ మర్యాద కూడా లేదు. మడమ పట్టుకుని పాదం తిప్పే పట్టు ఒకటుంది, హీల్ హుక్ అంటారు. దాని దెబ్బంతా మోకాలి లోపలి బంధనాల మీద పడుతుంది. నొప్పి తెలిసేసరికి తెగాల్సింది తెగిపోవచ్చు. తాకీదు రాకుండానే జప్తు అన్నమాట. అందుకే పెద్ద పోటీల్లో కూడా దీన్ని కిందిస్థాయి బెల్టుల దగ్గరకు రానివ్వరు. మెడకి రెండు పక్కలా నొక్కే పట్టూ ఇంతే. రక్తం ఆగితే పది సెకన్లు పట్టకుండా కళ్లు మూతపడొచ్చు, నొప్పేమీ ఉండదు. 1980లో జపాన్ జాతీయ పోటీలో కాళ్లతో కత్తెర వేసి పడేసే పట్టు ఒకటి జూడో వీరుడు యాసుహిరో యమాషితా కాలి ఎముక విరిచింది. ఆయన కోలుకుని 1984లో ఒలింపిక్ బంగారం గెలిచాడు, ఆ కత్తెర మాత్రం జూడో పోటీల నుంచి శాశ్వతంగా బయటికి పోయింది. కీలెరిగి వాత పెట్టమని మన సామెత. మా కుర్రాళ్లు వీడియో చూసి వాత పెడతారు. కీలు ఎక్కడుందో నా అరుపుని బట్టి తెలుసుకుంటారు.

గురువారం అదే హాల్లో కిక్‌బాక్సింగ్. అక్కడ అప్పు మీద వడ్డీ ఎలా పెరుగుతుందో కళ్లారా చూడొచ్చు. ఇద్దరూ చేతొడుగులు తాకించుకుని "యాభై శాతమే" అనుకుంటారు. మొదటి దెబ్బ నిజంగా యాభయ్యే. తిన్నవాడికి అది అరవైగా తోస్తుంది, కాబట్టి న్యాయంగా అరవై తిరిగిస్తాడు. ఇవతలివాడికి అది డెబ్బైగా తగులుతుంది. మూడో నిమిషానికి ఇద్దరి మొహాలూ ఎర్రబడి, ఇద్దరూ "వాడే మొదలుపెట్టాడు" అంటారు. వాళ్లని తిట్టి లాభం లేదు. 2003లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల్ని జంటలుగా కూర్చోబెట్టి, నీ వేలి మీద ఎంత బలంతో నొక్కారో సరిగ్గా అంతే బలంతో తిరిగి నొక్కమన్నారు. ఇద్దరూ నిజాయితీపరులే. అయినా వంతు వంతుకీ బలం సగటున 38 శాతం పెరిగింది. తాను వేసే దెబ్బని మెదడు తక్కువ చేసి చూస్తుందట. నెలకి కాదు, ఏడాదికి కాదు, వంతుకి 38 శాతం! కాల్‌మనీ వ్యాపారి కూడా సిగ్గుపడే చక్రవడ్డీ ఇది.

మహాభారతంలో కురుకుమారుల విద్యాప్రదర్శన గుర్తుంది కదా. అదేం యుద్ధం కాదు, ఇప్పటి భాషలో స్కూల్ యాన్యువల్ డే. భీముడూ దుర్యోధనుడూ గదలతో దిగారు. చూసేవాళ్లు రెండు జట్లుగా చీలి అరవడం మొదలుపెట్టారు. ద్రోణుడు కంగారుపడి, మధ్యలోకి వెళ్లి విడదియ్యమని అశ్వత్థామని పంపాడు. ద్రోణుడంతటి కోచ్ ఎదురుగా ఉంటేనే అలా ఉంది. మా మాస్టర్ పాపం ఒక కన్ను మ్యాట్ మీద, ఒక కన్ను "మా బాబుకి ఆర్నెల్లలో బ్లాక్ బెల్టు వస్తుందా సార్" అని తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి మీద వెయ్యాలి.

ఆడవాళ్ల విషయంలో మా మగవాళ్ల వ్యవహారం ఇంకా చిత్రం. ఒక రకంవాళ్లు ఆమె చెయ్యి పట్టుకోవాలంటే గాజుబొమ్మలా వేళ్లకొసలతో తాకుతారు. సగం గంట ఆమె నేర్చుకునేదేమీ ఉండదు. రెండో రకంవాళ్లు ఆమె చేతిలో ఒకసారి చిత్తయ్యాక రెండో రౌండులో తొంభై కిలోలూ తెచ్చి ఆమె పక్కటెముకల మీద డిపాజిట్ చేస్తారు. మూడో రకంవాళ్లకు అప్పుడే పాత మోకాలినొప్పి గుర్తొస్తుంది. మా క్లాసులో ఒకమ్మాయి ముందే అడుగుతుంది, "అన్నా, మీ మోకాలు ఇప్పుడు బాగుందా, లేక మూడో నిమిషం తర్వాత పాడవుతుందా?" అని.

శుభ్రత గురించి రెండు ముక్కలు. ఈ క్లాసులో వడ్డీతో సహా కచ్చితంగా తిరిగొచ్చేది ఒక్కటే, తామర. జూలైలో మన ఊళ్లో జేబురుమాలే రెండు రోజులకి ఆరదు. క్లాసులో తొడుక్కునే గీ అనే చొక్కా దుప్పటంత మందం, అదేం ఆరుతుంది? ఆరకముందే తొడుక్కొచ్చి మెడ మీద పడుకుంటాడు మహానుభావుడు. గోళ్లు తీసుకోమంటే మాత్రం, మంగళవారం గోళ్లు తియ్యకూడదని మా అమ్మ చెప్పిందంటాడు. క్లాసు మంగళవారమే.

ఇంతసేపూ ఎదుటివాళ్ల ఖాతాలే తిరగేశాను. నా ఖాతా కూడా చూపించాలి. కిందటి వేసవిలో మాస్టర్ నడుము మీదుగా తిప్పి పడేయడం నేర్పించారు. పడేసేటప్పుడు ఎదుటివాడి చొక్కాచేతిని చివరిదాకా వదలకూడదు, కొంచెం పైకి లాగిపట్టాలి. అప్పుడతను వీపు మీద చదునుగా పడి, చెయ్యి నేలకి కొట్టి దెబ్బ తప్పించుకుంటాడు. ఇది నాకు తెలుసు, పరీక్ష పెడితే నూటికి నూరు రాసేవాణ్ని. కానీ జీవితంలో మొదటిసారి నా చేతిలో ఒక మనిషి గాల్లోకి లేచాడు. ఆ ఆశ్చర్యంలో చొక్కాచేతిని వదిలేసి, మాస్టర్ చూశారా అని అటు తిరిగాను. సరిగ్గా కుర్రాడు చేసిన పనే. వెనకాల బియ్యం బస్తా దించినట్టు చప్పుడైంది.

ఆయన ఆడిటరు, నా వయసువాడు. భుజం మీద పడ్డాడు. ఆదివారం బత్తాయిలు పట్టుకుని మియాపూర్‌లో వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన వాళ్లావిడ నన్ను, బత్తాయిల్ని చూసి "ఏమండీ, మిమ్మల్ని పడేసినాయన వచ్చారు" అని లోపలికి కేకేసింది. ఆయన ఎడమచేత్తో చాయ్ తాగుతూ, "ఏం కాలేదు సార్, దువ్వుకోవడమే కష్టంగా ఉంది, ఎలాగూ దువ్వడానికి పెద్దగా లేదు" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ చాయ్ నాకు దిగలేదు.

మా బ్రాంచి అటెండరుది పాతబస్తీ. వాళ్ల తాత తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, పహిల్వాన్. ఈ సంగతి చెప్తే అతను తల అడ్డంగా ఊపాడు. "సార్, తాత చెప్పేవాడు. కుస్తీకి ముందు ఇద్దరూ మట్టి ముట్టుకుంటారు, చేతులు కలుపుకుంటారు. జోడీ చెయ్యి విరిచినోణ్ని ఉస్తాద్ ఏమీ అనడు. అంతే, మర్నాటి నుంచి వాడికి జోడీ దొరకదు. ఒక్కడే దండాలు తీసుకుంటూ ఉంటాడు."

ఇంత మంచి రికవరీ పద్ధతి మా బ్యాంకులో కూడా లేదు. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మా క్లాసులో స్కోరు బెల్టు ముడిలో ఉంటుంది. మాస్టర్ "జంటలు కట్టండి" అనగానే గమనించండి. కొందరి వైపు నలుగురు పరిగెత్తుతారు. కొందరు దగ్గరికొస్తుంటే అందరి బెల్టులూ ఒకేసారి ఊడిపోతాయి, వంగి నిదానంగా కట్టుకోవడం మొదలుపెడతారు. ఆడిటరు సంఘటన తర్వాత రెండు వారాలు నేను హాలు మధ్యలో నిలబడి వంగిన వీపులు లెక్కపెట్టాను. పద్నాలుగు.

అలా ఒక్కణ్నే నిలబడ్డ రోజు నా దగ్గరికి వచ్చింది ఆ దోమల కుర్రాడే. వాడికీ ఆరోజు జంట దొరకలేదు. "అంకుల్, ఈసారి మీ వంతు" అని వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి చాపాడు. మణికట్టుకి బోనాలప్పటి దారం, ఎరుపు వెలిసి గులాబీ రంగుకు దిగింది. దాని కింద నాడి నా బొటనవేలికి తెలుస్తోంది. మోకాళ్లు దగ్గర చేశాను. మాస్టర్ వైపు చూడలేదు. నెమ్మదిగా నడుము లేపాను.

వాడు నా తొడ మీద తట్టాడు. ఒకసారి. రెండోసారి.

నిజం చెప్పాలంటే, ఆ హాల్లో దోమలు ఎక్కువే.