డాంగ్ పాటలో ఊపిరి తెగదు

చైనాలోని గ్వీజౌ ప్రావిన్స్‌లో ఉండే డాంగ్ తెగవాళ్ల పల్లెల మీద మీ వ్యాసం చదివాను. మేకు లేకుండా కట్టిన ఆ చెక్క గోపురాల ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ వాటి కింద కూర్చుని పాడే బృందగానానికి రెండే వాక్యాలు కేటాయించడం బాధనిపించింది. ఆ ఊళ్లకు ప్రాణం అదే కదా!

వాళ్ల కీచురాళ్ల పాట వీడియోలో ఎన్నిసార్లు విన్నానో. వాయిద్యం లేదు, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపేవాళ్లూ లేరు. ఎక్కువమంది కింది స్వరం పట్టుకుని ఉంటారు, దాని మీద ఒకరిద్దరి గొంతు సన్నగా, అచ్చం ఎండాకాలపు కీచురాయిలా పైకి లేస్తుంది. ఒకరు ఊపిరి పీల్చుకునే క్షణంలో పక్కవాళ్లు పాడుతూనే ఉంటారు, అందుకే పాట ఎక్కడా తెగదు.

1958 దాకా వాళ్ల భాషకు సొంత లిపి లేదు. పూర్వీకుల కథలు, ప్రేమ, పెద్దల పట్ల నడవడి, అన్నీ పాటలోనే దాచుకున్నారు. అన్నం ఒంటికి, పాట మనసుకి అని వాళ్ల సామెత. 2009లో ఈ బృందగానం యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది, సంతోషమే. కానీ కుర్రకారు పని కోసం పట్టణాలకు వెళ్లిపోతుంటే గోపురం కింద గొంతు కలిపేదెవరు? ఊళ్లో పిల్లలకు పాట నేర్పే గురువుల గురించి ఈసారి వివరంగా రాయండి, దయచేసి.