సిస్టరమ్మ పాఠాలను అరికట్టాలి

శ్రీకాకుళం జిల్లా ఆసుపత్రులలో కొందరు స్టాఫ్ నర్సులు, రోగిని ఇంటికి పంపేముందు పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మాత్ర దేనికో, జబ్బు ఎందుకు ముదురుతుందో విడమరచి చెబుతున్నారని తెలిసి తీవ్రంగా కలత చెందాను. "తెల్లది పొద్దున, ఎర్రది రేతిరి" అన్న రెండు ముక్కలతో వైద్యబోధ పూర్తయ్యే సంప్రదాయం మనది. కంపెనీ మారి తెల్లమాత్ర గులాబీ రంగులో వచ్చిన నెలలో దేన్ని మానెయ్యాలో రోగి స్వయంగా నిర్ణయించుకునేవాడు. ఇప్పుడు అతనికి ఆమ్లోడిపిన్ బీపీకనీ, మెట్‌ఫార్మిన్ తిండితో పాటు వేసుకోవాలనీ, బీపీ తగ్గింది మాత్ర వల్లనే గనుక దాన్ని మానరాదనీ నేర్పితే, పక్కింటివారితో మాత్రలు ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగు ఆత్మీయత ఏమైపోవాలి?

ఉద్దానంలో ఈ విపరీతం మరీ ముదిరింది. అక్కడి కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు కాబట్టి, తేలేవరకూ అందరూ మౌనం పాటించడం మర్యాద. సిస్టరమ్మ మాత్రం, కారణం తేలకపోయినా దెబ్బతిన్న కిడ్నీని నొప్పి మందులు ఇంకా దెబ్బతీస్తాయన్న సంగతి తేలిందిగా అంటుంది. జీడితోటలో నడుం విరిగేలా పనిచేసి వచ్చి, ఆర్‌ఎంపీ గారి చేత డైక్లోఫినాక్ సూది వేయించుకుని, మర్నాడు మళ్లీ పనికి వెళ్లే మనిషికి ఆ మాట చెప్పడం ఎంత అమర్యాద! (కూలి పోయిన రోజుకు ఏ మాత్ర వేసుకోవాలో ఆమె చెప్పలేదు, ఆమె చేతిలో లేని మందు అదొక్కటే.)

ఆమె ఉప్పును కూడా వదలలేదు. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను తీసుకొచ్చి ఎండుచేపల కూర మీద పెట్టింది. అడ్డపొగ తాగే ముసలమ్మల చేత నోరు తెరిపించి, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుంటే అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుందని టార్చిలైటు వేసి మరీ చూస్తోంది. విన్నది తిరిగి అప్పజెప్పేవరకూ ఎవరినీ కదలనివ్వదట.

అదృష్టవశాత్తూ వార్డంతటికీ ఒక్కరినే ఉంచి, ఆ ఒక్కరి చేతికే రిజిస్టర్లన్నీ అప్పగించే ముందుచూపు మన యంత్రాంగానికి ఉంది. అది చాలని చోట నాదొక సవినయ సూచన: "రోగికి అవగాహన కల్పించడమైనది" అని ఒక రబ్బరు స్టాంపు చేయించి, ఓపీ చీటీ రాసేటప్పుడే దాని కింద రోగి వేలిముద్ర తీసేసుకోవాలి.