వాలుంటే డ్రైనేజీ అక్కర్లేదట!

"కొండవాలులో ప్లాటు కొన్నారా? డ్రైనేజీకి రూపాయి కూడా ఖర్చు పెట్టకండి" అంటూ మొదలయ్యే మెసేజ్ ఈ వారం నాకు పంపని మిత్రుడు లేడు. విశాఖ దగ్గర మధురవాడ, ఆనందపురం వైపు ప్లాట్లు కొన్నవాళ్లయితే "సైట్లు చూసేవాడివి కదా, నిజమేనా?" అని ఫోన్లు కూడా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. అందరికీ కలిపి ఇక్కడే.

"వాలుంటే నీళ్లు వాటంతటవే పోతాయి." పోతాయి, కింద ప్లాటువాళ్ల హాల్లోకి.

"ఈశాన్యం పల్లమైతే ముంపు రాదు." ఈశాన్యం పల్లమైతే ఈశాన్యమే మునుగుతుంది. తర్వాతది.

"ఖాళీ జాగా అంతా కాంక్రీటు పోస్తే మట్టి కోసుకుపోదు." మీ ప్లాటులో పోదు. కాంక్రీటు మీద పడ్డ వానలో దాదాపు 90 శాతం నిమిషాల్లో బయటికొచ్చేస్తుంది. ఆ ఊపు మీద ఎర్రమట్టిలోకి దిగితే ఏం చేస్తుందో భీమిలి దారిలో వాన నీళ్లకి కోసుకుపోయిన ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

"ప్లాటుకో ఇంకుడు గుంత చాలు." 200 గజాల ప్లాటులో గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే 8 వేల లీటర్లు దాటుతుంది. నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు గుంతలో కంకర నింపాక మిగిలే సందుల్లో పట్టేది 1,100 లీటర్లు. బంకమట్టి నేలలో ఆ గంటలో ఇంకేది చాలా కొద్ది. మిగతా నీళ్లని మెసేజ్ రాసినాయన ఇంటికి ట్యాంకర్‌లో పంపుదామా?

ఇక అసలు సంగతి. "కింది హద్దులో సందు లేకుండా గట్టి గోడ కట్టి, గుంత దాని పక్కనే తవ్వండి. చుక్క నీరు బయటికి పోదు." ఇది రాసినవాడికి గోడ వెనక నిలిచిన నీళ్లు ఏం చేస్తాయో తెలియదు. పదడుగుల గోడ వెనక పైదాకా నీళ్లు నిలిస్తే ప్రతి మీటరు పొడవు మీదా సుమారు 4.5 టన్నుల తోపుడు ఉంటుంది. నానిన మట్టి తోపుడు దానికి అదనం. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ బండ్లగూడలో ప్రహరీ గోడ కింది ఇళ్ల మీద పడింది. 2024 మే 7న హైదరాబాద్‌లోనే బాచుపల్లిలో రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) కూలీల షెడ్ల మీద పడి ఏడుగురు పోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో, చందనోత్సవం క్యూలైన్ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి మరో ఏడుగురు. ఒక్కోదాని వెనక ఒక్కో లోపం ఉండొచ్చు. కానీ మూడూ కూలింది వానలోనే.

గోడ వెనక నీళ్లు బయటికి పోయేలా వీప్ హోల్స్ అని ఐదారడుగులకి ఒకటి చొప్పున పీవీసీ పైపు ముక్కలు బయటికి కాస్త వాలుగా పెట్టేది, వాటి వెనక కంకర పోసేది అందుకే. కానీ గోడ మీద ఎర్ర మరకలు పడుతున్నాయని ఓనరు విసుక్కుంటాడు, మేస్త్రి పెయింటింగ్ ముందు వాటిని శుభ్రంగా సిమెంటుతో మూసేస్తాడు. గోడ చూడ్డానికి బాగుంటుంది, పెద్ద వాన వచ్చేదాకా. ఇప్పుడు ఈ మెసేజ్ పుణ్యమా అని మూయక్కర్లేదు, అసలు పెట్టరు. పైగా నీళ్లు నింపడానికి పక్కనే గుంత కూడా!

మెసేజ్ చివర మాత్రం ఒక మాట ఉంది: "వాగుని పూడ్చకండి, పార్కు స్థలం దాని వెంటే వదలండి." ఇది నూటికి నూరు పాళ్లు నిజం. మా ఇంజనీర్లలో చాలామంది చేయని పని కూడా. కొండ మీద చదరంగం గళ్లు గీసి, వాగుని హ్యూమ్ పైపులోకి (పెద్ద సిమెంటు గొట్టం) తోసి, వదలాల్సిన ఖాళీ స్థలాన్ని అమ్ముడుపోని మూలలో చూపిస్తారు. అదే వాగు వెంట వదిలితే అక్కడే నీళ్లు కాసేపు ఆపి నెమ్మదిగా వదలొచ్చు. ప్లాట్లకి ఎగువన వాలుకి అడ్డంగా ఒక కాలువ తీస్తే కొండ నీళ్లు ఇళ్ల మీదికి రాకుండా అటే మళ్లుతాయి.

కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందు లేఅవుట్ ప్లానులో వాగు ఎక్కడుందో అడగండి. "ఇక్కడ వాగేమీ లేదండీ" అంటే గ్రామ సర్వేయర్ దగ్గర పాత గ్రామ పటం చూపించమనండి.