కేసులు తగ్గించడం చేతకానివారికి కొన్ని సూచనలు

కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అంటే వచ్చే మహమ్మారికి సిద్ధం కావడానికి అందరికీ తీరిక దొరికినట్టే. టీకాల సంగతి శాస్త్రవేత్తలు చూసుకుంటారు, పడకల సంగతి ఆసుపత్రులు చూసుకుంటాయి. రోజూ సాయంత్రం బులెటిన్‌లో వచ్చే అంకె సంగతి చూసే నాథుడే లేడు. పోయినసారి జనం రోగానికి ఎంత భయపడ్డారో తెలియదు గానీ, ప్రభుత్వాలు మాత్రం ఆ అంకెకు వణికిపోయాయి. అందుకని పాలకులకూ, వాళ్లను నిలదీసే టీవీ చర్చల పెద్దలకూ సమానంగా పనికొచ్చేలా కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాం. ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఇప్పటికే అమలైనవే.

అన్నిటికన్నా తేలికైన మార్గం పరీక్షలు తగ్గించడం. దీన్ని దాచుకోవాల్సిన పని కూడా లేదు. 2020 జూన్ 20న టల్సా సభలో అప్పటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, పరీక్షలు కాస్త నెమ్మదించమని తన వాళ్లకు చెప్పానని మైకులోనే అన్నారు. ఏదో సరదాకి అన్నారని సిబ్బంది సర్దిచెబితే, నేను సరదాలాడనని మూడు రోజులకు ఆయనే తేల్చేశారు. ఇంత నిజాయతీ మిగతా చోట్ల కరువైంది.

ఇందులో ఒక చిక్కు మాత్రం ఉంది. మొన్న వెయ్యి మందికి పరీక్ష చేస్తే 50 మందికి పాజిటివ్ వచ్చిందనుకుందాం. ఇవాళ కిట్లు చాలవని 300 మందికే, అదీ జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాళ్లకే చేశారు, 45 వచ్చాయి. 'కేసుల్లో 10 శాతం తగ్గుదల' అని బులెటిన్ ఇచ్చేయొచ్చు, అందులో అక్షరం అబద్ధం లేదు. కానీ ఎవడో పనిలేనివాడు 45ను 300తో భాగిస్తాడు. 5 శాతం ఉన్న పాజిటివిటీ, అంటే చేసిన పరీక్షల్లో పాజిటివ్‌ల వాటా, 15కి ఎగబాకిందని, రోగం ఉన్నచోటే ఉంది, వెతకడమే తగ్గిందని బయటపడుతుంది. ఆంక్షలు సడలించే ముందు ఈ రేటు రెండు వారాల పాటు 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పి పాలకులను ఇరుకున పెట్టింది. విరుగుడు హారంలో, అంటే కింద భాగించే పరీక్షల సంఖ్యలో ఉంది. ఒకే మనిషికి మూడుసార్లు పరీక్ష చేస్తే ముగ్గురిగా రాయండి. ఏ లక్షణాలూ లేనివాళ్లను వరసలో నిలబెట్టి రాపిడ్ యాంటిజెన్ చేయండి, వైరస్ తక్కువున్నవాళ్లలో చాలామందిని అది వదిలేస్తుంది. ఆ సంఖ్యను, మరింత కచ్చితమైన ల్యాబు పరీక్ష ఆర్‌టీపీసీఆర్‌తో కలిపి ఒకే మొత్తంగా చూపండి. యాంటిజెన్‌లో నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయాలనే నిబంధన ఒకటి ఉంటుంది. ఉండనివ్వండి, కాగితం మీద ఉన్నంతవరకు దానివల్ల నష్టమేమీ లేదు.

క్యాలెండర్‌ను కూడా చిన్నచూపు చూడకూడదు. వైరస్‌కు ఆదివారం సెలవు లేదు, ల్యాబుకు ఉంది. ఆదివారం శాంపిళ్లు తక్కువ, కాబట్టి సోమవారం బులెటిన్‌లో కేసులు తక్కువ. విజయోత్సవ ప్రకటనలన్నీ సోమవారం పెట్టుకోండి. పేరుకుపోయినవన్నీ మంగళ, బుధవారాల్లో ఒక్కసారిగా పడతాయి, ఆ రెండు రోజులు ప్రతిపక్షానికి వదిలేయడం ప్రజాస్వామ్య మర్యాద. ఏడు రోజుల సగటు చూస్తే ఈ ఎత్తుపల్లాలన్నీ చదునైపోయి ఇరుపక్షాలకూ మాట్లాడటానికేమీ మిగలదు, అందుకే ఆ గీతను తెర మీదికి రానివ్వకండి.

ఆంక్షలు ఎప్పుడు పెట్టాలన్నదీ ఇదే లెక్క. వైరస్ సోకాక లక్షణాలు కనపడటానికి, తొలినాటి రకంతో అయితే, ఐదారు రోజులు పట్టేది. మామూలు జ్వరమేమోనని ఒకట్రెండు రోజులు, శాంపిల్ ఇచ్చాక ఫలితానికి ఇంకొన్ని, అది జాబితాకెక్కడానికి మరో రోజు. వెరసి ఇవాళ్టి బులెటిన్ పది పద్నాలుగు రోజుల కిందట పోస్టు చేసిన ఉత్తరం. మరణాల అంకె అంతకన్నా పాతది. కాబట్టి ఇవాళ ఆంక్ష పెడితే రేపటి కేసులు పెరగనే పెరుగుతాయి. మూడో రోజుకే 'ఆంక్షలు విఫలం' అని చర్చ పెట్టేవారు ఈ విషయం తెలియనట్టు నటించాలి, లేదా నిజంగానే తెలియకపోయినా పర్వాలేదు. పాలకులకు మా సలహా వేరు. గీత శిఖరానికి చేరి, జనమే భయపడి బయటికి రావడం మానేశాక, అంటే అది ఎటూ దిగబోతున్నప్పుడు గట్టి ఆంక్ష పెట్టండి. కీర్తి మొత్తం మీదే.

ఇంకా పెద్ద మార్పు కావాలంటే నిర్వచనం మార్చాలి. చైనాలోని హుబే రాష్ట్రంలో ఆర్‌టీపీసీఆర్ లేకపోయినా డాక్టరు నిర్ధారణ చాలని 2020 ఫిబ్రవరిలో నిబంధన మార్చగానే ఒకే రోజు 14,840 కేసులు చేరాయి. అందులో 13,332 ఆ కొత్త నిబంధన కిందే వచ్చినవి. అదే ఏడాది ఏప్రిల్ 17న ఆ రాష్ట్ర రాజధాని వూహాన్ తన మరణాల లెక్కకు 1,290 కలిపింది, పాత సంఖ్య 2,579లో ఇంచుమించు సగం. రౌండ్ చేసి చూస్తే 50 శాతం, ఎంత చక్కటి అంకె! బ్రిటన్ ఇంకో దారి పట్టింది. పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు చనిపోతేనే లెక్కలోకి అని 2020 ఆగస్టులో తేల్చి, మొత్తం నుంచి 5 వేలకు పైగా మరణాలను ఒక్క పూటలో తగ్గించింది. అంతకుముందు ఎప్పుడో పాజిటివ్ వచ్చి కోలుకున్నాక బస్సు గుద్దినా కొవిడ్ ఖాతాలోనే పడేదని, కాబట్టి సవరణలో న్యాయం లేకపోలేదని కూడా చెప్పాలి.

అయినా నిర్వచనాల మీద ఇంత కుస్తీ ఎందుకు? ఇంగ్లండులో ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులను లెక్కలోంచి మాయం చేసింది ఏ మంత్రీ కాదు, ఎక్సెల్. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్లో 65,536 వరసలకు మించి పట్టవు. ఒక్కో రోగికి కొన్నేసి వరసలు పట్టేవి కాబట్టి షీటు దాదాపు 1,400 మందితోనే నిండిపోయేది, మిగిలినవాళ్లు చప్పుడు లేకుండా అంచు దాటి పడిపోయేవారు. వాళ్లను కలిసినవాళ్లకు కబురు ఆలస్యంగా అందింది. ఎవరి వేలూ తగలకుండా అంకె తగ్గడం అంటే ఇదీ.

ఒక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ఏ రోగంతో పోయారన్నది పక్కన పెట్టి, మామూలు ఏడాదిలో ఎంతమంది పోతారు, ఈ ఏడాది ఎంతమంది పోయారు అని తీసివేత చేసేవాళ్లు ఉంటారు. దానికి ఏ నిర్వచనమూ అడ్డుపడదు. 2020, 2021 సంవత్సరాలకు ప్రపంచవ్యాప్తంగా నమోదైన కొవిడ్ మరణాలు 54 లక్షలు. ఈ తీసివేత పద్ధతిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చిన అంచనా కోటీ 49 లక్షలు. ఇలాంటి అంచనా వచ్చినప్పుడు 'మోడలింగ్ పద్ధతి సరికాదు' అని లేఖ రాయండి. మరణాల రిజిస్టరు మాత్రం బయట పెట్టకండి.

చర్చల పెద్దలకు ప్రత్యేకించి ఒక లెక్క నేర్పి ముందుకు పోతాం. వెయ్యి మంది ఉన్న ఊళ్లో 900 మంది టీకా వేయించుకున్నారు, వందమంది వేయించుకోలేదు. టీకా వేసుకున్నవాళ్లలో 18 మంది ఆసుపత్రి పాలయ్యారు, వేసుకోనివాళ్లలో 12 మంది. ఆసుపత్రిలో ఉన్న 30 మందిలో 18 మంది, అంటే 60 శాతం, టీకా వేసుకున్నవాళ్లే! ఈ ఒక్క వాక్యంతో గంటసేపు చర్చ నడపొచ్చు. 900, 100 అనే అంకెలు పొరపాటున నోరు జారితే మాత్రం 2 శాతానికీ 12 శాతానికీ తేడా పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

ఇక నివారణ. దీని మొదటి సూత్రం, చేసింది కంటికి కనపడాలి. గుమ్మం దగ్గర థర్మల్ గన్ పట్టుకున్న మనిషిని మించిన దృశ్యం లేదు. నుదురు చూడాల్సిన గన్‌ను మణికట్టుకు పెట్టి, రిజిస్టరులో 94.2, 93.8, 94.0 అని ఫారెన్‌హీట్‌లో వరసగా రాసుకుంటూ పోతారు. ఒంటి వేడి 95 కన్నా తగ్గితే వైద్యులు హైపోథెర్మియా అంటారు, అంబులెన్స్ పిలవాల్సిన స్థితి. ఇక్కడ దాన్నే 'నార్మల్' అని లోపలికి పంపుతారు. జ్వరం రాకముందే వైరస్ అంటించేవాళ్లనూ, పారాసెటమాల్ వేసుకుని వచ్చినవాళ్లనూ ఎలాగూ గన్ పట్టుకోలేదు.

మందు చల్లే గొట్టపు ద్వారాలు ఇంకా కన్నులపండువగా ఉంటాయి. ఎట్టి పరిస్థితుల్లోనూ మనుషుల మీద క్రిమిసంహారకం చల్లొద్దని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోడ్ల మీద చల్లినా లాభం లేదంది, బ్లీచ్‌లో ఉండే హైపోక్లోరైట్ మట్టి తగలగానే నిర్వీర్యమవుతుంది. నిజానికి తలుపు పిడులకు 0.1 శాతం ద్రావణం చాలు. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 49 వంతులు, ఏ రోజుకా రోజు కలుపుకోవాలి. ట్యాంకరుతో చల్లితే వచ్చే ఫొటో దీనికి రాదు.

శానిటైజర్ సంగతి చెప్పనక్కర్లేదు. 60 శాతానికి తగ్గని ఆల్కహాల్, అరచేతి నిండా, ఆరేదాకా ఇరవై ముప్పై సెకన్లు రుద్దాలి. చుక్క వేసుకుని, రెండు సెకన్లు రుద్ది, ప్యాంటుకు తుడుచుకోవడం ఆచారమైంది. ఇంత శ్రమా ఉపరితలాల మీదే ధారపోశాక, అక్కడ తాకి వైరస్ సోకే అవకాశం తాకిన ప్రతిసారీ పదివేలలో ఒకటి కన్నా తక్కువేనని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. గాలి ద్వారా రాదని 2020 మార్చి 28న ఢంకా బజాయించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వస్తుందని మెల్లగా ఒప్పుకుంది.

గాలి అనగానే ఉత్సాహం చల్లారిపోతుంది, ఎందుకంటే కిటికీకి రిబ్బను కట్టి ప్రారంభోత్సవం చేయలేం. గదిలో గాలి గంటకు రెండుసార్లు మారుతుంటే, రోగి వెళ్లిపోయాక గాలిలో మిగిలిన కణాల్లో 99 శాతం పోవడానికి 138 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లు మారితే 46 నిమిషాలు చాలు. దానికి ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒకదాంట్లో ఫ్యాను బయటికి గాలి తోసేలా పెట్టాలి. మామూలు స్ప్లిట్ ఏసీ చల్లబరిచేది లోపలి గాలినే, బయటి గాలి చుక్క కూడా తేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు పెడితే, ఆరుబయట 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420) చుట్టూ ఉండేది మూసిన గదిలో 1500 దాటిందంటే ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తున్నట్టు. మాస్కుదీ ఇదే కథ. ఎన్95 వడపోతలో లోపం లేదు, లోపమంతా అంచుల్లో. ముక్కు మీది తీగ నొక్కకపోతే ఊపిరి పైకి ఎగదన్ని కళ్లద్దాలు మసకబారతాయి. అది మాస్కు బాలేదనడానికి సాక్ష్యంగా వాడుకోవచ్చు.

దుకాణాల వేళలు తగ్గించడం అందరికీ నచ్చే ఆంక్ష. పన్నెండు గంటల్లో వచ్చే జనాన్ని నాలుగు గంటల్లోకి కుదిస్తే లోపల రద్దీ మూడింతలవుతుంది. పార్కులకు మాత్రం తాళం వేయాలి, అక్కడ గాలి మరీ ఎక్కువ.

ఇన్ని చేసినా ఎక్కడో ఆంక్షలు నిజంగానే పనిచేసే ప్రమాదం ఉంది. జనం తక్కువ పోతే 'దీనికా ఇంత హడావుడి' అంటారు. ఎక్కువ పోతే 'ఇన్ని ఆంక్షలు పెట్టి ఏం ఒరిగింది' అంటారు. రెండింటికీ జవాబు విచారణ కమిటీయే. సభ్యులు ఇరవైమంది, సమావేశం మూడు గంటలు. కుర్చీల మధ్య ఆరడుగులు టేపుతో కొలవండి, బల్లల మీద ప్లాస్టిక్ తెరలు నిలబెట్టండి, ఏసీ 22లో పెట్టి, బయటి రొద రాకుండా కిటికీలు బిగించండి. రెండో సమావేశం కోరం లేక వాయిదా పడితే మినిట్స్‌లో 'అనివార్య కారణాల వల్ల' అని రాస్తే సరిపోతుంది.